ఆ కామా దగ్గరే నా పేచీ

ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు దసరా సెలవులకి విజయనగరం వచ్చాడు. కాలేజీ వాళ్లు ఇచ్చిన ఫిజిక్స్ మెటీరియల్ నా బల్ల మీద పడేసి, సిరిమాను చూడ్డానికి స్నేహితులతో కలిసి కోట వైపు పోయాడు. చాన్నాళ్లు డిగ్రీ పిల్లలకి ఇదే సబ్జెక్టు చెప్పినదాన్ని, చెయ్యి ఊరుకోదు కదా, తిరగేశాను. చలన నియమాల చాప్టర్లో తాడుతో కట్టిన దిమ్మలు, గిలకల లెక్కలు మొదలయ్యే చోట, పెట్టె గీసి లావు అక్షరాలతో ఒక వాక్యం అచ్చేశారు: "తాడు ఒకటే కాబట్టి టెన్షన్ సమానం, త్వరణం సమానం." టెన్షన్ అంటే తాడు లాగే బలం, త్వరణం అంటే వేగం మారే రేటు. ఆ పెట్టె కింద వరసగా బొమ్మలు, బొమ్మకో ఫార్ములా. ఆ ఫార్ములా ఎలా వచ్చిందో ఒక్క లైను లేదు.

ఫార్ములాల మీద నాకు పెద్ద కోపమేమీ లేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను. నా పేచీ అంతా ఆ వాక్యం మధ్యలో ఉన్న కామాతో. దానికి అటు ఉన్నది ఒక సంగతి, ఇటు ఉన్నది పూర్తిగా వేరే సంగతి. రెండింటికీ కారణాలు వేరు. అవి నిలబడే చోట్లు వేరు, కూలిపోయే చోట్లు వేరు. ఒకే "కాబట్టి"తో రెండింటినీ కట్టేయడం వల్లే పిల్లలు ఈ చాప్టర్లో తేలిక లెక్కలు గబగబా చేసేసి, బొమ్మ కొంచెం మారగానే చేతులెత్తేస్తున్నారని నా అభిప్రాయం.

త్వరణాల సంగతి చూడండి. తాడు సాగదు. దాని పొడుగు మారదు. ఒక చివర ఇంత జరిగితే రెండో చివర ఎంత జరగాలో ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది. ఇందులో బలం లేదు, ద్రవ్యరాశి లేదు, న్యూటనూ లేడు. స్కేలు పట్టుకుని కొలిచే వ్యవహారం. టెన్షన్ సంగతి అలా కాదు. తాడుకి చెప్పుకోదగ్గ బరువు లేదు, గిలకని తిప్పడానికి శ్రమ అక్కర్లేదు, ఇరుసు దగ్గర రాపిడి లేదు. ఇవన్నీ ఒప్పుకుంటేనే గిలకకి రెండు వైపులా ఒకే టెన్షన్ వస్తుంది. ఇది బలాల లెక్క. న్యూటన్ రెండో నియమాన్ని తాడుకీ గిలకకీ కూడా రాస్తే తేలేది.

మొదటిది తాడు సాగకపోవడం గురించి, రెండోది తాడూ గిలకా తేలిగ్గా ఉండటం గురించి. మరి వీటిని విడదీయడం అంత అవసరమా? మామూలు లెక్కలో రెండూ నిజమే కదా? అవసరమే అంటాను, ఎందుకంటే ఒకటి నిజమై రెండోది అబద్ధమయ్యే లెక్కలు ఇదే సిలబస్‌లో ఉన్నాయి.

గిలకకి బరువుంటే

గిలకకి ఒక వైపు 3 కిలోలు, రెండో వైపు 2 కిలోలు. గురుత్వ త్వరణం 10 అనుకుందాం, అంకెలు తేలిగ్గా ఉంటాయి. 3 కిలోల దిమ్మకి రాస్తే: 30 లోంచి టెన్షన్ తీసేస్తే 3 రెట్ల త్వరణం. 2 కిలోల దానికి: టెన్షన్ లోంచి 20 తీసేస్తే 2 రెట్ల త్వరణం. రెండూ కలిపితే త్వరణం 2, టెన్షన్ 24 న్యూటన్లు. ఇక్కడ కామా వల్ల నష్టమేమీ లేదు.

కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన జార్జ్ అట్‌వుడ్ ఈ అమరికని 1784లో అచ్చేసిన పుస్తకంలో వర్ణించాడు. ఆయన కోరుకున్నది లెక్కల పరీక్ష కాదు, కిందకి పడే వేగాన్ని తగ్గించి కొలవడం. ఒక వైపు 500 గ్రాములు, రెండో వైపు 510 గ్రాములు కట్టారనుకోండి. ఒక మీటరు దిగడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఊరికే వదిలేస్తే అర సెకను కూడా పట్టదు. లోలకం గడియారమే గతి అయిన ఆ రోజుల్లో ఈ తేడా చాలా పెద్దది. అయితే ఆయనకీ గిలక ఇబ్బంది పెట్టింది. ఇరుసు రాపిడి తగ్గించడానికి దాన్ని నాలుగు చిన్న చక్రాల మీద ఆనించాడు. అంటే, "టెన్షన్ సమానం" అన్న సగం ఉచితంగా రాలేదు. ఆయన అంత కష్టపడితే గానీ దాని దరిదాపుల్లోకి కూడా రాలేకపోయాడు.

ఇప్పుడు ఆ గిలకకే 2 కిలోల బరువుందనుకోండి, నిండు పళ్లెం లాంటి గిలక. తాడు జారకుండా దాన్ని తిప్పుతోంది. త్వరణం 2 నుంచి 1.67కి పడిపోతుంది. 3 కిలోల వైపు టెన్షన్ 25, 2 కిలోల వైపు 23.3. ఆ తేడాయే గిలకని తిప్పేది. రెండు దిమ్మల త్వరణాలు మాత్రం ఇప్పటికీ సమానమే, తాడు సాగలేదు కదా. కామాకి ఇటుపక్క సగం చెక్కుచెదరలేదు, అటుపక్క సగం విరిగింది.

ఇంకో తిరకాసు ఉంది. లెక్కల్లో "నునుపైన కప్పీ" అని రాస్తారు, కప్పీ అంటే గిలకే. ఏది నునుపు? ఇరుసా, తాడు ఆనే గాడియా? గాడి నునుపైతే తాడు జారిపోతుంది, గిలక తిరగనే తిరగదు, అప్పుడు గిలక ఎంత బరువున్నా టెన్షన్ మారదు. ఇరుసు నునుపై గాడి గరుకైతే గిలక తిరుగుతుంది, దాని బరువు లెక్కలోకి వస్తుంది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్నడిగిన పిల్లలు బహు తక్కువ. "టెన్షన్ సమానం" అని పెట్టెలో చదివేసిన వాడికి అడగాలని ఎందుకు తోస్తుంది?

రెండు కిలోలు, రెండు కిలోలు

రెండో సగం విరిగే చోటు ఇంకా ముఖ్యం. ఒక గిలక పైన పట్టెకి బిగించి ఉంది. ఇంకో గిలక తాడు మీద వేలాడుతోంది. తాడు ఒక చివర పట్టెకి కట్టి, కిందకి తెచ్చి వేలాడే గిలక కిందుగా తిప్పి, పైకి తీసుకెళ్లి బిగించిన గిలక మీదుగా రెండో పక్కకి వదిలారు. ఆ వదిలిన చివర 2 కిలోలు. వేలాడే గిలకకి తగిలించింది 2 కిలోలు. వదిలేస్తే ఏమవుతుంది?

సిరిమాను చూసొచ్చిన మా వాడిని ఇదే అడిగాను. ఒక్క క్షణం ఆలోచించలేదు.

"అదేటత్తా, రెండూ సమానం కదా. కదలదు."

"ఎలా చెప్తున్నావురా?"

"పై బరువులోంచి కింద బరువు తీసేస్తే సున్నా. సున్నా బై నాలుగు, సున్నా."

వాడు వాడిన ఫార్ములా మెటీరియల్లోదే. అంకెలూ తప్పు కాదు. గంటస్తంభం దగ్గర హార్డ్‌వేర్ షాపులో కర్టెన్లకి వాడే చిన్న ప్లాస్టిక్ గిలకలు దొరుకుతాయి. రెండు తెప్పించి, పెరటి గుమ్మం పైన మేకుకి ఒకటి కట్టి, సమానంగా నింపిన రెండు నీళ్ల సీసాలు తగిలించి, వాడి చేతే వదిలించాను. తాడు చివరున్న సీసా సర్రున దిగి గడపకి కొట్టుకుంది. గిలకకి ఉన్నది పైకి లేచింది. గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీసి మళ్లీ వదిలాం. ఒకటి 40 సెంటీమీటర్లు దిగితే రెండోది 20 సెంటీమీటర్లు లేచింది. ఆ గీతల వంక వాడు చాలాసేపు చూశాడు. "మరి తాడు ఒకటే కదా" అన్నాడు.

ఒకటే. అందుకే అలా అయింది. వేలాడే గిలక ఒక సెంటీమీటరు లేస్తే దానికి రెండు పక్కలా ఉన్న తాడు చెరో సెంటీమీటరు వదులవుతుంది. ఆ రెండు సెంటీమీటర్లూ ఎక్కడికి పోవాలి? రెండో పక్కకే. కాబట్టి అటు త్వరణం ఇటుదానికి రెట్టింపు. ఇంతవరకూ బలం మాట ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుదాం. టెన్షన్ తాడంతటా ఒకటే. వేలాడే గిలకని రెండు పోగులు లాగుతున్నాయి కాబట్టి దాని మీద రెండు టెన్షన్లు. తాడు చివరి దిమ్మకి: 20 లోంచి టెన్షన్ తీసేస్తే 2 రెట్ల పెద్ద త్వరణం. గిలకకున్న దిమ్మకి: రెండు టెన్షన్ల లోంచి 20 తీసేస్తే 2 రెట్ల చిన్న త్వరణం. సాధిస్తే టెన్షన్ 12 న్యూటన్లు, ఒకటి 4 త్వరణంతో దిగుతుంది, రెండోది 2 త్వరణంతో లేస్తుంది.

ఇక్కడ టెన్షన్ సమానం, త్వరణం అసమానం. బరువైన గిలక దగ్గర త్వరణం సమానం, టెన్షన్ అసమానం. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, పది పేజీల ఫార్ములాలు అక్కర్లేదు. కానీ మన మెటీరియల్స్‌లో మొదటిది భ్రమణం చాప్టర్లో ఎక్కడో ఉంటుంది, రెండోది "అడ్వాన్స్‌డ్" అని చివరికి తోసేస్తారు. వేలాడే గిలకని మొదటి రోజే చూపించాలని నా వాదన. అది కష్టమైన లెక్క కాదు. తాడు చేసే పనీ, బలం చేసే పనీ వేరువేరుగా కనపడే మొదటి లెక్క.

మైనస్ 0.4

పిల్లలు దిమ్మల్ని విడివిడిగా చూడటం మానేయడం కామా చేసే ఇంకో చెడు. అన్నీ సమానమే అయినప్పుడు విడదీయడం దేనికి? లాగే బలం మొత్తం, భాగించు ద్రవ్యరాశి మొత్తం. తాడు బొమ్మలో ఉంటుంది గానీ లెక్కలో ఉండదు.

బల్ల మీద 4 కిలోలు, అంచున గిలక మీదుగా వేలాడేది 1 కిలో. రాపిడి లేదు. టెన్షన్ ఎంత? సగానికి సగం మంది 10 న్యూటన్లు అంటారు, వేలాడే బరువు అంతే కదా అని. అదే నిజమైతే వేలాడే దిమ్మ మీద పైకి 10, కిందకి 10, అది దిగనే దిగదు. దిగుతోందంటే టెన్షన్ తక్కువే. లెక్క కడితే 8. మీరు చేత్తో 10 న్యూటన్ల బలంతో లాగితే ఆ 4 కిలోలకి 2.5 త్వరణం వస్తుంది, 1 కిలో వేలాడదీస్తే 2 మాత్రమే, ఎందుకంటే వేలాడేది తనని తాను కూడా కదుపుకోవాలి. ఒక్క దిమ్మకి బొమ్మ గీసి బాణాలు పెడితే ఈ సంగతి దానంతట అదే తెలుస్తుంది.

ఇదే బల్లకి 0.3 ఘర్షణ గుణకం ఇచ్చి మా పక్కింటి అమ్మాయికి లెక్క ఇచ్చాను. ఎంట్రన్స్ కోచింగ్‌లో మంచి మార్కులొచ్చే పిల్ల. ఘర్షణ 40కి 0.3 రెట్లు, అంటే 12 అని ఫార్ములాలో వేసింది: 10 లోంచి 12 పోతే మైనస్ 2, దాన్ని 5తో భాగిస్తే మైనస్ 0.4. ఆప్షన్లలో 0.4 ఉంది. టిక్కు పెట్టింది.

"మైనస్ ఏమైందమ్మా?"

"మైనస్ అంటే దిశే కదా ఆంటీ. విలువ 0.4."

అంటే దిమ్మ గిలకకి దూరంగా వెనక్కి పోతోంది, వేలాడే కిలో పైకి లేస్తోంది, ఈ పనంతా ఘర్షణ చేస్తోంది! అలా చెప్పగానే ఆ పిల్లే నవ్వింది. ఘర్షణ ఎదురు నిలబడుతుంది గానీ ఎదురొచ్చి లాక్కుపోదు. గరిష్ఠం 12 వరకు ఆపగలదు, ఇక్కడ 10 చాలు, పదే వాడుతుంది. ఏదీ కదలదు. టెన్షన్ ఇప్పుడు సరిగ్గా 10. వేలాడే బరువుకి టెన్షన్ సమానమయ్యేది ఇలా ఆగి ఉన్నప్పుడో, వేగం మారకుండా కదిలేటప్పుడో మాత్రమే.

ఇందులో ఆ పిల్ల తెలివితక్కువతనం ఏమీ లేదు. దిమ్మని విడిగా చూడమని ఎవరూ చెప్పలేదు, అంతే.

గెడ ఎంత మొయ్యాలి

మా వెనక వీధిలో ఇల్లు కడుతున్నారు. రెండో అంతస్తు స్లాబు అంచు దాటేలా ఒక గెడ పెట్టి, దాని చివర గిలక కట్టి, కింద నుంచి మనిషి తాడు లాగితే ఇసుక బకెట్టు పైకి వస్తోంది. గెడ వెనక చివర మేస్త్రీ బోలెడు రాళ్లు పేర్పించాడు. అంత బరువెందుకయ్యా, బకెట్టు పాతిక కిలోలుంటుందేమో అన్నాను.

"బకెట్టు ఒక్కటే కాదమ్మా. కిందనించి లాగినోడి లాగుడు కూడా ఈ గెడే మొయ్యాల కదా."

పాతిక బకెట్టుది, పాతిక లాగేవాడిది, గెడ మీద యాభై. ఎత్తే మొదట్లో ఒక్క గుంజు గుంజితే ఇంకా ఎక్కువ. ఇదే సంగతి క్లాసులో అడిగితే జవాబు రాదు. మొదట చెప్పిన 3 కిలోలు, 2 కిలోల గిలకని పైనున్న హుక్కుకి తగిలించాం. హుక్కు మీద ఎంత బరువు? అందరూ 50 అంటారు. 3 కిలోల దిమ్మని కింద చెయ్యి పెట్టి ఆపితే టెన్షన్ 20, హుక్కు మీద 40, మిగతా 10 మీ అరచేతి మీద. చెయ్యి తీసేస్తే టెన్షన్ 24, హుక్కు మీద 48. మిగతా 2 న్యూటన్లు ఏమయ్యాయి? రెండు దిమ్మల గరిమనాభి, అంటే మొత్తం బరువు ఒక్కచోటే ఉన్నట్టు లెక్కపెట్టే బిందువు, 0.4 త్వరణంతో కిందకి దిగుతోంది, 5 కిలోలకి ఆ త్వరణం ఇవ్వడానికి సరిగ్గా 2 న్యూటన్లు కావాలి. నాకు ఈ లెక్క భలే ఇష్టం. అన్నిటి కింద ఉన్న ఫార్ములా ఒక్కటే, దాన్ని ఎవరి మీద రాస్తున్నామో తెలిస్తే లెక్క తప్పదు.

అటు వాళ్ల మాట

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్లకి గట్టి కారణాలే ఉన్నాయి. ఏపీ ఈఏపీసెట్‌లో 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. ప్రశ్నకి నిమిషం పైన కాస్త. ఫిజిక్సుకి 40 ప్రశ్నలు. ఆ హాల్లో కూర్చున్న పిల్లవాడికి "బాణాలు గీసుకో నాన్నా" అనడం బయట కూర్చున్న వాళ్లకి సులువు. మా మరదలు ముఖం మీదే అడిగింది: "నీ పద్ధతిలో ర్యాంకు వస్తుందా వదినా?" తమాషాకి కాదు, వాడి ఫీజు కట్టడానికి వాళ్లు పడే పాట్లు నాకు తెలుసు. ఫార్ములా వద్దని నేను అనను. సొంతంగా ఒకసారి రాబట్టిన ఫార్ములాని నిశ్చింతగా బట్టీ పట్టమనే అంటాను. వాడికి అది ఏ బొమ్మకి చెల్లుతుందో, దేనికి చెల్లదో తెలుసు. ఆ పక్కింటి పిల్లకి మైనస్ 0.4 రావడానికి పట్టిన సమయంలోనే, 10 కంటే 12 ఎక్కువ కాబట్టి కదలదని తేలిపోతుంది.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వేలాడే గిలక మొదటి రోజే పెడితే, రెండు తెలియని రాశులు, రెండు సమీకరణాలు, మధ్యలో ఒక రెట్టింపు. పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు అక్కడే భయపడిపోతారు. రెండు చరరాశుల సమీకరణాలు పదో తరగతిలో చదివినవే, అయినా ఆ అక్షరాలు ఫిజిక్స్ పేజీలో కనపడగానే కొత్తగా ఉంటాయి. నిజానికి చాలామందికి తట్టుకునే రాయి న్యూటన్ కాదు, ఆ సమీకరణాలే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటి రోజు లెక్క కట్టించొద్దు, స్కేలుతో కొలిపించండి, అంతవరకే చెప్పగలను. అటు 40, ఇటు 20 అని చూసినవాడు సమీకరణం దగ్గర తడబడినా బొమ్మ దగ్గర తడబడడు.

మూడో మాట నా పాత సహోద్యోగి ఒకాయనది. ఇప్పుడు పోటీ పరీక్షలకి చెప్తారు, బాగా చెప్తారు. ఆయన పద్ధతి: ప్రతి దిమ్మ మీద ఉన్న టెన్షన్‌ని దాని త్వరణంతో గుణించి, దిశ చూసి గుర్తు పెట్టి, అన్నీ కలిపితే సున్నా. మన లెక్కలో ఒక వైపు ఒక టెన్షన్, రెండో వైపు రెండు టెన్షన్లు, కాబట్టి మొదటి త్వరణం రెండోదానికి రెట్టింపు. పొడుగులు కొలవక్కర్లేదు, ఒక్క లైను. అయిదారు గిలకలున్న బొమ్మలో ఇది ప్రాణం నిలబెడుతుంది, నేనూ వాడతాను. ఆ సున్నా ఎందుకు వచ్చిందని అడిగితే, సాగని తాడూ బరువులేని గిలకా తమలో ఏ శక్తినీ దాచుకోవు కాబట్టి, అని ఆయన సరిగ్గానే చెప్తారు. కానీ క్లాసులో ఆ "కాబట్టి" చెప్పే తీరిక ఉండదు. పిల్లలకి మిగిలేది సున్నా ఒక్కటే. తాడు సంగతినీ బలం సంగతినీ ఇదీ కలిపేస్తుంది, కాకపోతే కామా కంటే నాజూకుగా.

"గిలకకి బరువిస్తే మీ సున్నా రాదు కదా మాస్టారూ" అన్నాను మొన్న ఫోన్లో.

"ఆ లెక్క ఈ చాప్టర్లో ఇవ్వరు కదా మేడమ్."

ఇవ్వరు, నిజమే. భ్రమణం చాప్టర్లో ఇస్తారు. అప్పుడు అవే పిల్లలు గిలకకి రెండు పక్కలా ఒకే టెన్షన్ రాసుకుని, గిలకని తిప్పే బలం సున్నా వస్తోంది, ఇది ఎలా తిరుగుతోంది అని అడుగుతూ ఆయన దగ్గరికే వస్తారు.